పంపు లేని నీళ్లు

జూన్ 3

అక్కా,

పంపు లేకుండా నీళ్లు పైకెక్కుతాయా? అడుగుతున్నాను, జవాబు చెప్పు. మోటారు లేదు, కరెంటు లేదు, ఎత్తేవాడు లేడు. పాదం దగ్గరున్న నీళ్లు మెడదాకా ఎక్కుతాయా? ఇరవై రెండేళ్లుగా ఊరి ట్యాంకుకి నీళ్లెక్కించి బతుకుతున్నవాణ్ని నేను. ఎక్కవని ఎవరి ముందైనా ఒట్టేసేవాణ్ని. తీరా చూస్తే ఎక్కుతాయట. నా ఒంట్లో, నీ ఒంట్లో, రోజూ.

తొమ్మిదేళ్ల తర్వాత రాస్తూ క్షేమసమాచారం లేకుండా ఇదేం మొదలని ముఖం చిట్లించకు. నేను క్షేమం అంటే నువ్వు నమ్మవు. నువ్వు క్షేమమా అంటే జవాబివ్వవు. అందుకే నువ్వు దిద్దకుండా ఉండలేని ప్రశ్న వేశాను. చిన్నప్పుడు నా లెక్క తప్పయితే పలక లాక్కుని సరిచేసేదాకా నీకు ముద్ద దిగేది కాదు. ఫోన్ ఎందుకు చెయ్యలేదంటావా, ఫోనైతే మధ్యలో పెట్టేస్తావు. ఉత్తరాన్ని పెట్టెయ్యడం అంత సులువు కాదు.

సంగతేమిటంటే, పోయిన వారం నా కింది దవడ పన్ను పోటెత్తింది. మర్నాటికి దవడ కింద గోలీకాయంత బిళ్ల కట్టింది. వేలు తగిలితే ప్రాణం జివ్వుమనేది. ఆదివారం మా సంఘానికి చెప్పే ప్రసంగంలో గొంతు లేవలేదు. మా ప్రార్థన గది టైర్ల షాపు మీద ఉంటుంది. షాపాయన మెట్లెక్కి వచ్చి, "ఏమండీ, ఒంట్లో బాగుందా? ఇవాళ కింద మా మాట మాకు వినబడుతోంది" అన్నాడు. అదీ నా గొంతుకున్న పేరు.

ఆసుపత్రికి పోతే డాక్టరమ్మ మెడ తడిమింది. నా కూతురంత ఉంటుంది, ఉండి ఉంటే. "ఇది లింఫ్ గడ్డండీ. పన్ను దగ్గర క్రిములు చేరాయి, వాటితో మీ కాపలావాళ్లు పోరాడుతున్నారు. పన్ను తీయించుకోండి, అదే తగ్గుతుంది" అంది. లింఫ్ అంటే ఏమిటమ్మా అన్నాను. రక్తం కాక ఒంట్లో ఇంకో నీళ్ల లైను ఉందంది. దాని పంపెక్కడ అన్నాను. "పంపు లేదండీ" అని నవ్వి, తర్వాతి మనిషిని పిలిచింది.

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. దేహం ఒకటి, అవయవాలు అనేకం అని ఎన్ని ఆదివారాలు గొంతు చించుకున్నానో లెక్క లేదు. ఆ దేహంలోనే నాకు తెలియని లైనొకటి పారుతోందా! నువ్వు ఆసుపత్రి ల్యాబులో మనిషివి. చెప్పు.

పంపుహౌస్ కిటికీ దగ్గర పోస్టుమ్యాన్ కోసం చూస్తూ,
నీ తమ్ముడు


జూన్ 11

ఒరేయ్ పిడుగూ,

ఆ పన్ను ఇంకా నోట్లోనే ఉంటే ఉత్తరం ఇక్కడ మడిచిపెట్టు. తీయించుకుని వచ్చి మిగతాది చదువు.

తీయించుకున్నావా? సరే.

గుండె తోస్తే రక్తం గొట్టాల్లో పోతుంది. వెంట్రుక కన్నా సన్నటి గొట్టాల దగ్గరికొచ్చేసరికి అందులోంచి నీళ్లు బయటికి ఊరతాయి. నీ పంపు కారినట్టు, కానీ ఇది చెడిపోయి కారడం కాదు. కణాలకి తిండి అందేది ఆ ఊటలోనే. ఊరినదాంట్లో చాలావరకు వెనక్కి పోతుంది. రోజుకి రెండు మూడు లీటర్లు మాత్రం పోలేక మిగిలిపోతుంది. దాన్ని ఎత్తకపోతే మనిషి ఉబ్బిపోతాడు. ఆ మిగిలినదాన్ని మోసుకుపోయే లైనే లింఫ్.

అందులో గుండెలాంటి పంపు లేదు. వాల్వులున్నాయి, నీళ్లు వెనక్కి రాకుండా నువ్వు బిగిస్తావు చూడు, అలాంటివి, అడుగడుగునా. నడిస్తే పిక్క కండరం పిసికి ఒక వాల్వు దాటిస్తుంది. ఊపిరి గట్టిగా పీలిస్తే పొట్టలోది పైకి లాగుతుంది. గొట్టాలు కూడా తమంతట తాము కాస్త పిసుక్కుంటాయి. అలా మెల్లిమెల్లిగా మెడ కిందికి చేరి మళ్లీ రక్తంలో కలుస్తుంది. మనిషి కదిలితే అదీ కదులుతుంది.

దారి పొడుగునా ఐదారు వందల చెక్‌పోస్టులున్నాయి. మెడలో, చంకల్లో, గజ్జల్లో, పొట్టలో. చిక్కుడుగింజ ఆకారంలో ఉంటాయి. వచ్చే నీళ్లన్నీ వడకట్టి చూసి పంపుతాయి. క్రిమి ముక్క దొరికితే అక్కడి కాపలా కణాలు పుట్టలుగా పెరుగుతాయి. చోటు చాలక గడ్డ ఉబ్బుతుంది. నీ దవడ కింద జరిగింది అదే. మంచి సూచనే.

నా సంగతి అడగలేదు, అయినా రాస్తాను. ల్యాబులో ఇద్దరం ఉండేవాళ్లం. రెండో ఆమె రిటైరయ్యాక ఆ కుర్చీలోకి ఎవర్నీ వెయ్యలేదు. చుట్టుపక్కల మూడు ఆసుపత్రుల్లో మనుషుల ఒంట్లోంచి తీసిన ముక్కలన్నీ సీసాల్లో నా బల్ల మీదకే వస్తాయి. సీసా మీద పేరు రాసి, ముక్కని మైనంలో పోసి, దిమ్మ చేసి, కోత యంత్రానికి బిగించి, కుడిచేత్తో చక్రం తిప్పితే ఉల్లిపొర కన్నా పల్చటి పొరలు వస్తాయి. గాజు పలక మీద పరిచి రంగు వేసి పక్కగదిలో డాక్టరుకిస్తాను. ఇక్కడ చక్రం తిప్పేది నేనొక్కదాన్నే. రోజుకి పాతిక మందిని కోస్తాను, ఒక్కరి ముఖమూ తెలియదు.

మరదలి ఫోటో గోడకి ఉందా? అద్దం తుడుస్తున్నావా?

అక్క


జూన్ 19

అక్కా,

పన్ను పోయింది, దాంతో బిళ్లా పోయింది. గొంతు వచ్చింది. టైర్ల షాపాయన మళ్లీ విచారంగా తిరుగుతున్నాడు.

నీ ఉత్తరాన్ని పోయిన ఆదివారం ప్రసంగించాను. నీ పేరు చెప్పలేదు, భయపడకు. "పట్టణపు గోడ మీద కావలివాళ్లని నిలబెట్టానని దేవుడన్నది బయటి గోడ గురించేనా? మీ చంక కింద తడుముకోండి!" అన్నాను. నలభై మంది ఒక్కసారిగా చంకలు తడుముకున్నారు. "మీరు నిద్రపోతుంటే కాపలా కాసేవాడెవడు? మీ దవడ కింద వాపొస్తే సణుక్కుంటారే, అది యుద్ధభూమి! కృతజ్ఞత చెప్పండి!" అన్నాను. మనిషి కదిలితేనే ఈ నీళ్లు కదులుతాయని చెప్పి, అందర్నీ లేపి మూడుసార్లు గట్టిగా ఊపిరి పీల్పించాను. ముందు వరసలో కూర్చునే రిటైరైన కంపౌండరు లేచి, "అయితే అయ్యా, మధ్యాహ్నం పడుకుంటే పాపమంటారా?" అన్నాడు. నవ్వీ నవ్వీ నా కళ్లద్దాలు జారిపోయాయి. ఈ గదిలో నేను నవ్వి ఎన్నాళ్లయిందో.

ఫోటో ఉంది. తుడుస్తున్నాను. అడిగావు కాబట్టి రాస్తున్నా. నీ మరదల్ని పాతిపెట్టిన రోజు సమాధుల గేటు దగ్గర నువ్వన్న మాట నాకింకా చెవిలోనే ఉంది. "మూడు రోజులు మోకాళ్ల మీద ఉన్నవాడివి, ఒక్క గంట కాళ్ల మీద నిలబడి దాన్ని ఆసుపత్రికి తీసుకుపోయి ఉంటే బతికేదిరా" అన్నావు. అందరి ముందూ. దానికి తొమ్మిదేళ్లుగా జవాబు రాస్తూనే ఉన్నాను, పోస్టులో వెయ్యలేదు. ఇప్పుడూ వెయ్యను. వేరే మాట చెప్పు. కాపలావాడికి శత్రువెవరో, సొంతవాడెవరో ఎలా తెలుస్తుంది?

తమ్ముడు


జూలై 2

పిడుగూ,

గుండె మీద, రొమ్ము ఎముక వెనకాల ఒక బడి ఉంది. థైమస్ అంటారు. కాపలా కణాల్లో ఒక జాతి అక్కడ చదువుకుంటుంది. పరీక్ష ఒకటే, సొంత ఒంటి మీద చెయ్యెత్తుతావా లేదా అని. ఎత్తినవాణ్ని అక్కడే చంపేస్తారు. ఏ ముఖాన్నీ గుర్తుపట్టలేని మొద్దునీ ఉంచరు. వందమంది చేరితే ఐదుగురు బయటికి రావడం గొప్ప. మనకి వయసు పెరిగేకొద్దీ ఆ బడి చిక్కిపోయి కొవ్వు మిగులుతుంది.

బయటికొచ్చినవాడికి ఒక్క ముఖమే తెలుసు. ఒక్కటే. ఇంకొకడికి ఇంకో ముఖం. అలా కోట్లమంది, రక్తంలోంచి లింఫ్‌లోకి, లింఫ్‌లోంచి రక్తంలోకి, చెక్‌పోస్టు చెక్‌పోస్టుకీ ఆగి చూస్తూ తిరుగుతుంటారు. తను ఏ ముఖం కోసం పుట్టాడో అది ఎదురైతే, అక్కడే ఆగి ఒకడు వెయ్యిమంది అవుతాడు. యుద్ధం అయ్యాక కొందరు మిగిలి ఆ ముఖాన్ని ఏళ్లతరబడి గుర్తుపెట్టుకుంటారు. ఒకసారి వచ్చిన జబ్బు మళ్లీ రాకపోవడం, టీకాలు పనిచెయ్యడం వాళ్ల వల్లే.

ఎదురవకపోతే? తిరిగి తిరిగి, ఎవరికీ అక్కర్లేకుండా పోతాడు. చాలామంది అంతే రా. ఒక్క ముఖం కోసం పుట్టి, దాన్ని చూడకుండానే. మధ్యాహ్నం డబ్బా విప్పుకుని కిటికీ దగ్గర తింటూ ఇదే ఆలోచిస్తాను. ఎదురుగా ఆ ఖాళీ కుర్చీ. దాని మీద నా చేతిసంచి పెడతాను, మరీ బోసిగా ఉండకుండా.

ఒకటి అడుగుతాను. ఇక్కడ నాకు తెలిసినావిడ ఒకామె ఉంది. కుడి చంకలో బిళ్ల. నొప్పి లేదు. జ్వరం లేదు, చేతికి దెబ్బ లేదు. ఐదు వారాలైంది. నీ సంఘంలో ఒకామె వచ్చి ఇలా చెబితే ఏమంటావు? ఆలోచించి రాయి. ప్రసంగంలా కాదు, మనిషికి చెప్పినట్టు.

అక్క


జూలై 10

అక్కా,

ఒక్క ముఖం కోసం తిరిగేవాడి గురించి చదివి పంపుహౌస్‌లో నిలబడి ఏడ్చాను. తొంభై తొమ్మిది గొర్రెల్నీ వదిలి తప్పిపోయిన ఒక్కదాని కోసం కొండలెక్కిన కాపరి గుర్తొచ్చాడు. ఆ కాపరి నీ గాజు పలక మీద కూడా తిరుగుతున్నాడన్నమాట!

ఆ ఆవిడకి చెప్పు, భయపడొద్దని. బిళ్ల మంచి సూచన అని నువ్వే రాశావు. నాది ముట్టుకుంటే జివ్వుమంది, ఆమెకి నొప్పే లేదంటున్నావు. ఇంకేం! పంపు చెడితే మోత పుడుతుంది, వేడెక్కుతుంది, మీటరు ముల్లు ఊగుతుంది. చప్పుడు లేని పంపు జోలికి నేను ఇరవై రెండేళ్లలో ఎప్పుడూ పోలేదు. ఆమె కాపలావాళ్లు చప్పుడు లేకుండా గెలుస్తున్నారు. మోకాళ్లూని, కృతజ్ఞత చెప్పి, దేవుడి కోసం ఎదురుచూస్తూ కనిపెట్టుకుని ఉండమను. వాక్యంలో కనిపెట్టుకుని ఉన్నవాళ్లు సిగ్గుపడ్డ సందర్భం లేదు. నేనూ ఆమె కోసం ప్రార్థిస్తాను. పేరు చెప్పకపోయినా పైవాడికి తెలుసు.

ఆమెకి ఎవరైనా ఉన్నారా? తోడుగా?

తమ్ముడు


జూలై 24

తమ్ముడూ,

నీ మాట ఆమెకి చెప్పాను. చాలా తేలికపడింది. ఆసుపత్రికి పోవాలని చీటీ రాసుకుని పర్సులో పెట్టుకుందట. నీ మాట విన్నాక చించేసింది. ఇప్పుడు ఎనిమిది వారాలు. గోలీకాయంత ఉన్నది నిమ్మకాయంత అయింది. రబ్బరులా గట్టిగా ఉంది. చక్రం తిప్పేటప్పుడు చంకలో ఏదో అడ్డం పడ్డట్టుంటుందట. తోడు ఎవరూ లేరు.

శత్రువెవరో ఎలా తెలుస్తుందని అడిగావు. తెలియని సందర్భమూ ఉంది. ఇంటివాడే దారి తప్పితే ముఖం మనదే, యాస మనదే. కాపలావాళ్లు చాలాసార్లు పసిగట్టి పట్టుకుంటారు. ఒక్కోసారి మనవాడే కదా అని దారి వదిలేస్తారు. వాడు నీళ్లలో కొట్టుకుపోయి చెక్‌పోస్టులోనే కాపురం పెడతాడు. ఒక్కోసారి కాపలావాడే తిరగబడతాడు. అప్పుడూ బిళ్ల కడుతుంది. చాలాసార్లు నొప్పి ఉండదు. ఒంట్లో చప్పుడు లేకపోవడానికి రెండు కారణాలుంటాయి, అంతా బాగుండడం ఒకటి, ఎవరూ తలుపు తట్టకపోవడం ఒకటి.

మోకాళ్ల మీద ఉన్నవాళ్లకి ఇవి చెప్పినా ఎక్కవులే. ఇక రాయక్కర్లేదు.

అక్క


ఆగస్టు 1

అక్కా,

వచ్చావా దారికి! నాకు తెలుసు, ఎక్కడెక్కడో తిరిగి చివరికి ఆ గేటు దగ్గరికే వస్తావని. లింఫ్ లేదు, కాపలావాడూ లేడు, రెండు నెలలుగా నువ్వు నాకు రాస్తున్నది ఒక్కటే మాట, నువ్వే చంపావని! ముక్కూముఖం తెలియని ఒకామెని అడ్డం పెట్టుకుని నన్ను మళ్లీ అందరి ముందూ నిలబెట్టావు. ఇప్పుడు ఆమెకేమైనా అయితే అదీ నా నెత్తినే వేస్తావు కదూ?

నా మోకాళ్ల గురించి నువ్వు మాట్లాడకు. ఆ మూడు రోజులు ఆ మోకాళ్లు పడ్డ బాధ నీకేం తెలుసు? జ్వరంతో నీ మరదలు నా చొక్కా కొస పట్టుకుని పడుకుంది. లేస్తే కొస జారిపోతుందని లేవలేదు. అది విశ్వాసమో పిరికితనమో నాకు తెలియదు. తెలిస్తే ఈ తొమ్మిదేళ్లూ ఇంత గట్టిగా అరిచేవాణ్ని కాదు.

రాయక్కర్లేదన్నావుగా. రాయను.

నీ తమ్ముడు


ఆగస్టు 4

అక్కా,

మొన్నటి ఉత్తరం నీకు అందే ఉంటుంది. అది చింపెయ్యి. చదివేసి ఉంటే క్షమించు.

ఏం జరిగిందో ఉన్నది ఉన్నట్టు చెబుతాను. నీమీద కోపం ఇంకా చల్లారక, బిళ్ల మంచి సూచన అని నువ్వే అన్నావని నీ చేతిరాతతోనే నీకు చూపించి పంపుదామని పొద్దున పంపుహౌస్‌లో నీ పాత ఉత్తరాలన్నీ ప్యానెల్ బోర్డు మీద పరిచాను. జూన్ 11 నాటిది తీశాను. ఆ మాట దొరికింది. దాని కిందే ఇంకో మాట ఉంది. "ఇక్కడ చక్రం తిప్పేది నేనొక్కదాన్నే."

జూలై 24 నాటిది పక్కన పెట్టాను. "చక్రం తిప్పేటప్పుడు చంకలో ఏదో అడ్డం పడ్డట్టుంటుందట."

ట్యాంకు నిండి పొర్లిపోతోందని రోడ్డు మీంచి ఎవరో కేకేసేదాకా నాకు స్పృహ లేదు. ఇరవై రెండేళ్లలో ట్యాంకు పొర్లడం ఇదే మొదటిసారి.

ఆ ఒకామె నువ్వే. అవునా? ఒక్క అక్షరం రాయి చాలు. ఫోన్ చేశాను, ఎత్తలేదు. మళ్లీ చేస్తాను. చీటీ చించింది నువ్వు. నా మాట విని తేలికపడింది నువ్వు. పంపు గురించి తప్ప ఏమీ తెలియని నోటితో నిన్ను కనిపెట్టుకుని ఉండమన్నాను.

తమ్ముడు


ఆగస్టు 12

ఒరేయ్,

అవును.

నువ్వు పట్టుకుంటావని రాశాను. నువ్వు ప్రసంగం రాశావు. కోపం రాలేదు, నిజంగా. కాసేపు నీ మాట నమ్మాలనిపించింది. ఎవరైనా నాకు "భయపడకు" అని రాసి ఎన్నేళ్లయింది! లోపల తప్పని తెలుసు. ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. అయినా ఆ కాగితం రెండు రోజులు దిండు కింద పెట్టుకున్నాను.

ఎందుకు పోలేదో చెబుతాను, నవ్వకు. ఈ చుట్టుపక్కల ఎక్కడ ముక్క తీయించుకున్నా అది నా బల్ల మీదకే వస్తుంది. సీసా మీద నా పేరు నేనే రాయాలి. మైనంలో నేనే పొయ్యాలి. నన్ను నేనే కోసుకోవాలి. రంగు ఆరేలోపే నాకు తెలిసిపోతుంది, పక్కగదిలో డాక్టరు కళ్లజోడు పెట్టుకోకముందే. వేరేవాళ్ల పలకలు ఎన్నో సార్లు అలా ముందే చూసి, ఏమీ తెలియనట్టు తీసుకెళ్లి ఇచ్చాను. నాది అలా తీసుకెళ్లలేను. ఆ నాలుగడుగులూ నడవలేను.

ఒకసారి దరఖాస్తు తీశాను. వయసు రాశాను, ఎన్ని వారాలో రాశాను. కింద "ఎవరికి తెలియజేయాలి" అని ఒక గడి ఉంది. అక్కడ కలం ఆగిపోయింది. మళ్లీ సొరుగులో పెట్టేశాను.

ఇది మంచిదే కావచ్చు కూడా. బిళ్లలన్నీ చెడ్డవి కావు. పది వారాలు దాటాయి, కోసి చూస్తే తప్ప చెప్పలేం. ఎవరికైనా అయితే ఇదే చెబుతాను.

సమాధుల గేటు దగ్గర ఆ మాట అనకుండా ఉండాల్సింది. చొక్కా కొస సంగతి నాకు తెలియదు రా.

ఫోన్ ఎత్తను. నీ గొంతు వింటే ఏడుస్తాను, అది ఫోనులో నాకు చేతకాదు.

అక్క


ఆగస్టు 17, పొద్దున ఐదున్నర

అక్కా,

ఇది పోస్టులో వెయ్యడం లేదు. ఆరింటి బస్సు కండక్టరు మా సంఘం మనిషే. అతని చేతికిస్తున్నాను. పదింటికల్లా మీ ల్యాబు కిటికీలోంచి నీ చేతికి అందిస్తాడు. చక్రం ఆపి చదువు.

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. నిలబడే చదివాను. కూర్చోలేదు, మోకరించనూ లేదు. తిన్నగా మా ఊరి ఆసుపత్రికి నడిచాను. కిటికీ దగ్గర కూర్చున్న గుమాస్తాని, "బాబూ, ఇక్కడ మనుషుల్ని కోసి తీసిన ముక్కలు ఎక్కడికి పంపుతారు?" అన్నాను. నన్ను పిచ్చోణ్ని చూసినట్టు చూశాడు. గొంతు పెంచాను. నా గొంతు పెరిగితే నీకు తెలుసుగా, లోపల్నించి ముగ్గురు వచ్చారు. చివరికి చెప్పారు. ఇక్కడివి ఉత్తరం దిక్కున పెద్దాసుపత్రికి పోతాయి. నీ బల్ల మీదకి రావు! నీ ముఖం తెలియని చెయ్యి, నీ పేరు ఒక సీసా మీద చదివి, ఎవరో అనుకుని కోస్తుంది. నువ్వు నడవలేనన్న ఆ నాలుగడుగులు ఎవరో నడుస్తారు.

నా మెడ తడిమిన డాక్టరమ్మనే కలిశాను. పది వారాలు, నొప్పి లేదు, గట్టిగా ఉంది, పెరుగుతోంది అన్నాను. ఆమె ఈసారి నవ్వలేదు. "రేపు రాత్రికల్లా తీసుకురండి, ఎల్లుండి పొద్దున ముక్క తీసేవాళ్లలో మొదటి పేరు ఆమెదే" అంది. ఆ రేపు ఈరోజే. దరఖాస్తు నేనే నింపాను. ఆ గడిలో నా పేరు రాశాను. సంబంధం అన్నచోట తమ్ముడు అని రాసి, కింద గీత కొట్టాను, చెరిపినా పోకుండా.

నిన్న సాయంత్రం ప్రార్థనలో లేచి నిలబడి చెప్పాను. "జూన్‌లో నేను మీకు సగమే చెప్పాను. నొప్పి పుట్టి, వారంలో తగ్గే బిళ్లకి కృతజ్ఞత చెప్పండి. రెండు మూడు వారాలైనా తగ్గనిది, గట్టిగా ఉన్నది, పెరిగేది ఎవరికైనా ఉంటే ఇక్కడ కూర్చోవద్దు, లేచి పొండి. దేవుడు కనిపెట్టుకుని ఉండమన్నాడు కానీ కళ్లు మూసుకుని ఉండమనలేదు. నా భార్య విషయంలో నేను కళ్లు మూసుకున్నాను" అన్నాను. తొమ్మిదేళ్లలో మొదటిసారి నెమ్మదిగా మాట్లాడాను. చివరి వరసలో ఒకామె లేచి బయటికి పోయింది. ఆసుపత్రి దిక్కుకే పోయిందని కంపౌండరు చెప్పాడు.

వాక్యంలో కోనేటి గట్టున ముప్పై ఎనిమిదేళ్లు పడుకున్న రోగి గురించి నేను ఎన్నోసార్లు ప్రసంగించాను. నీళ్లు కదిలినప్పుడు ముందు దిగినవాడికి జబ్బు పోతుందట, నన్ను దించేవాళ్లు ఎవరూ లేరయ్యా అంటాడు చూడు. సోమరి అని తిట్టిపోశాను అతన్ని! ఇప్పుడు తెలిసింది. ఆ మాట సోమరితనం కాదు, ఎదురుగా ఖాళీ కుర్చీ. అక్కా, కోట్లమందిలో ఒక్క ముఖాన్ని గుర్తుపట్టడానికి పుట్టినవాడు ఒకడు, రెండు నెలలు నీ ఉత్తరాల్లోనే తిరిగి నిన్ను చూడలేకపోయాడు. ఇప్పుడు చూశాడు. ఇక కదలడు.

పదింటికి నా బదులు మనిషి డ్యూటీకి వస్తాడు. పదీపదికి బస్సు. రెండింటికి మీ బస్టాండులో దిగుతాను. మూడింటికి తిరుగు బస్సు, ఇద్దరికీ. సాకులు చెప్పకు. బల్ల మీది సీసాల్లో ముక్కలు మందునీళ్లలో నాలుగు రోజులు ఆగుతాయి. నీది ఆగదు. ఎవరేం చెబుతారో నాకు తెలియదు. మంచో చెడో, ఇద్దరం వింటాం. నువ్వు ఏడిస్తే ఫోనులో కాదు, నా పక్కన కూర్చుని ఏడుద్దువుగాని.

రిక్షా ఎక్కకు. బస్టాండు దాకా నడిచి రా. కదిలితేనే కదులుతుందని నువ్వే రాశావు. కుర్చీ మీది సంచి తీసుకో, సెలవు చీటీ డాక్టరు బల్ల మీద పెట్టు, తలుపు వెయ్యి, ఇంటికెళ్లి రెండు చీరలు సర్దుకో. రేపు కాదు, ఆదివారం తర్వాత కాదు, ఈ పలక అయ్యాక కాదు. ఇది చదువుతున్న ఈ నిమిషం.

లే అక్కా. చెప్పులేసుకో.